కొత్త అకౌస్టిక్ గిటార్ ఆర్డర్: ఏ ఆప్షన్లకి డబ్బు పెట్టాలి, ఏవి తర్వాత వేయించుకోవచ్చు?

పటమట_ప్లకింగ్ (విజయవాడ)

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ మామూలు లామినేట్ (పొరలు అతికించిన చెక్క) గిటార్ మీదే నెట్టుకొచ్చాను. ఇప్పుడు సాలిడ్ టాప్‌ది (పైపలక పొరలు కాకుండా అసలు చెక్కది) ఒకటి చేయించుకుందామని డబ్బు పక్కన పెట్టాను, మొత్తం 60 వేలు, అంతకు మించి ఒక్క రూపాయి కుదరదు. ఆర్డర్ మీద చేసే ఒక చిన్న వర్క్‌షాప్ వాళ్లతో మాట్లాడాను, అసలు ధర 42 వేలు అన్నారు, దాంతో పాటు ఆప్షన్ల లిస్టు ఒకటి పంపారు. మెడ మీద బాడీకి దగ్గరి చోటికి చెయ్యి అందేలా బాడీ మూల కోసే కటవే, గిటార్ శబ్దాన్ని మిక్సర్‌కి పంపే పికప్, దాని సిగ్నల్ పెంచే ప్రీయాంప్, తీగలు మెడ చివర ఆనే నట్, బాడీ మీద ఆనే శాడిల్ రెండూ ఎముకవి, నట్ వెడల్పు 43 గానీ 44.5 మి.మీ. గానీ, చెయ్యి ఆనే చోట అంచు చెక్కే ఆర్మ్‌రెస్ట్, పక్క చెక్కకి సౌండ్ పోర్ట్, తీగలు బిగించే 18:1 ట్యూనర్లు, అలంకారానికి ముత్యపు చిప్ప ఇన్లే, గ్లాస్ (మెరిసే) ఫినిష్ గానీ సాటిన్ (మెరుపు లేనిది) గానీ. అన్నిటికీ టిక్ పెడితే 70 దాటిపోతోంది.

ఇంట్లో నేను వాయించేది ఎక్కువ ప్లకింగ్ (వేళ్లతో ఒక్కో తీగా మీటడం). ఆదివారం చర్చిలో పాటలకి స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం), అక్కడ మిక్సర్‌కి కలపాలి. చేతికి చెమట బాగా ఎక్కువ, తీగలు ఊరికే తుప్పు పడతాయి. ఏవి ఉంచాలి, ఏవి కొట్టేయాలి చెప్పండి.

బ్రాడీపేట_మాస్టారు (గుంటూరు)

తమ్ముడూ, ముందు ధరల సంగతి పక్కన పెట్టి, ప్రతి ఆప్షన్ దగ్గరా ఒక్కటే అడుగు: ఇది తర్వాత వేయించుకోగలనా లేదా? బాడీ సైజు, టాప్ చెక్క, స్కేల్ పొడవు (నట్ నుంచి శాడిల్ దాకా తీగ పొడవు), మెడ వెడల్పు, కటవే, ఇవి గిటార్ చేసేటప్పుడే తేలిపోతాయి, తర్వాత ఎంత డబ్బు పోసినా మారవు. నట్, శాడిల్, ట్యూనర్లు, స్ట్రాప్ బటన్, పికప్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నీ దగ్గర డబ్బు లెక్కగా ఉంది కాబట్టి మొదటి వరసకే ముందు పెట్టు.

నట్ వెడల్పు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని పట్టించుకోరు. 43 అంటే దాదాపు 1 11/16 అంగుళం, 44.5 అంటే 1 3/4 అంగుళం. ఒకటిన్నర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ ఆ కాస్తా ఆరు తీగల మధ్య ఉన్న ఐదు సందుల్లో పంచుకునేసరికి ఎడమ చేతి వేలు పక్క తీగకి తగలకుండా నిలబడుతుంది. ప్లకింగ్ ఎక్కువ అంటున్నావు కాబట్టి 44.5 నీకు నప్పుతుంది. అయితే బొటనవేలు మెడ పైనుంచి తెచ్చి ఆరో తీగ పట్టే అలవాటుంటే, వేళ్లు పొట్టివైతే, 43 హాయిగా ఉంటుంది. ఊళ్లో ఏ షాపుకైనా స్కేలు జేబులో పెట్టుకుని వెళ్లు, రెండు రకాలూ కొలిచి ఒక్కోదాని మీద కాసేపు బార్ కార్డ్స్ (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) పట్టి చూడు, నా మాట మీద ఆర్డర్ ఇవ్వకు.

స్కేల్ పొడవు లిస్టులో లేదు కానీ అడుగు. 25.4 అంగుళాలు పొడుగు స్కేలు, 24.9 పొట్టిది. అదే తీగ, అదే శ్రుతి, పొట్టి స్కేలు మీద బిగువు తక్కువ, ఎడమ చేతికి మెత్తగా ఉంటుంది. టాప్‌కి స్ప్రూస్ చెక్క తీసుకో. సెడార్ మెత్తటి వేలికి బాగా పలుకుతుంది గానీ గట్టిగా స్ట్రమ్ చేస్తే స్వరాలు కలిసిపోయి ముద్దగా వినిపిస్తుంది, నువ్వు రెండూ వాయిస్తావు.

అమరావతి_రోడ్ (గుంటూరు)

ఇన్లే కొట్టేయ్ బ్రో. ఆ డబ్బుకి హార్డ్ కేస్ వస్తుంది. శబ్దానికి దానివల్ల పైసా లాభం లేదు.

సండే_సౌండ్ (విజయవాడ, గుణదల)

మాస్టారు చెప్పిన లెక్క ఒప్పుకుంటాను, కానీ పికప్‌ని "తర్వాత చూద్దాం" వరసలో వేయడం ఈ అబ్బాయి విషయంలో కుదరదు. ప్రతి ఆదివారం వాయించే మనిషి. మైక్ ముందు పెట్టి వాయిస్తే పక్కనే కీబోర్డు, డ్రమ్స్, ముందు మానిటర్, గిటార్ వినపడాలని మిక్సర్ మీద కాస్త ఫేడర్ (వాల్యూమ్ మీట) పైకి తీస్తే చాలు కూత మొదలవుతుంది. నేను చర్చిలో మిక్సర్ దగ్గరే కూర్చుంటాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పికప్ రకాలు మూడు గుర్తుపెట్టుకో. శాడిల్ కింద పెట్టే పీజో (ఒత్తిడిని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఒకటి. కూత తక్కువ, తీగలన్నీ స్పష్టంగా వస్తాయి, కానీ గట్టిగా స్ట్రమ్ చేస్తే ప్లాస్టిక్ శబ్దం వస్తుంది. రెండోది సౌండ్‌హోల్‌కి (బాడీ మధ్య ఉండే గుండ్రటి కన్నానికి) బిగించే మాగ్నెటిక్. ఏ చిల్లూ పెట్టక్కర్లేదు, కావాలంటే తీసేయొచ్చు, కూతకి బాగా తట్టుకుంటుంది, శబ్దం మాత్రం కొంచెం ఎలక్ట్రిక్ గిటార్ వైపు పోతుంది. నైలాన్ తీగలకి పనిచేయదు. మూడోది లోపల బ్రిడ్జి ప్లేట్‌కి (తీగలు కట్టే బ్రిడ్జి కింది పలకకి) అతికించే కాంటాక్ట్ పికప్. ఇది అన్నిటికన్నా సహజంగా ఉంటుంది, ఇంట్లో రికార్డింగ్‌కి బాగుంటుంది, పెద్ద వాల్యూమ్‌లో మాత్రం కష్టపెడుతుంది.

ఇంకొకటి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ప్రీయాంప్ లేని పీజోని నేరుగా మిక్సర్‌కి కలిపితే బేస్ అంతా పోయి పల్చగా, కీచుగా వస్తుంది. పీజోకి ఒక మెగా ఓమ్ పైన ఇంపిడెన్స్ (కరెంటుకి అడ్డు) ఉన్న ఇన్‌పుట్ కావాలి, మామూలు మైక్ ఇన్‌పుట్‌కి అది ఉండదు. గిటార్‌లో ప్రీయాంప్ అన్నా ఉండాలి, కింద యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్‌కి, మిక్సర్‌కి మధ్య పెట్టే పెట్టె) అన్నా ఉండాలి. ప్రీయాంప్ ఉన్న గిటార్‌లో ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తిరగేసేది) ఉందేమో చూడు, కూత వచ్చినప్పుడు ఒకసారి నొక్కితే చాలాసార్లు తగ్గుతుంది. సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత కూడా దొరుకుతుంది, తీసుకో. సౌండ్ పోర్ట్ జోలికి మాత్రం పోకు. ఇంట్లో వాయించే మనిషికి తన శబ్దం తనకి బాగా వినపడుతుంది, నిజమే, స్టేజీ మీద మానిటర్ శబ్దం లోపలికి దూరడానికి ఇంకో తలుపు తెరిచినట్టే.

పటమట_ప్లకింగ్ (విజయవాడ)

థాంక్స్ అన్నా. వాళ్లు చెప్పిన ప్రీయాంప్ పక్క చెక్కకి బిగించేది, దాంట్లోనే శ్రుతి చూపించే ట్యూనర్, బేస్ ట్రెబుల్ సరిచేసే ఈక్వలైజర్ ఉన్నాయి. అది తీసుకోమంటారా?

రిపేర్_బల్ల (గుంటూరు, కొత్తపేట)

వద్దు. పికప్ పెట్టించు, పక్క చెక్క మాత్రం కోయనివ్వకు.

ఆ ప్రీయాంప్ డబ్బా కోసం పక్క చెక్కలో పెద్ద కన్నం కోస్తారు. ఎలక్ట్రానిక్స్ గిటార్ అంత కాలం బతకవు. ఐదేళ్లకో పదేళ్లకో అది చచ్చిపోతే అదే కొలత డబ్బా మళ్లీ దొరకాలి, కంపెనీలు మోడళ్లు మారుస్తూనే ఉంటాయి. నా దగ్గరికి ఇలాంటివి తరచూ వస్తాయి, గిటార్ చక్కగా ఉంటుంది, పక్కన మాత్రం పనిచేయని డబ్బా. కన్నం చిన్నదైతే పెద్దది చేయాలి, పెద్దదైతే చెక్క ముక్క అతకాలి. ఇప్పుడు సౌండ్‌హోల్ అంచు లోపల చిన్న వాల్యూమ్, టోన్ చక్రాలు ఉండే ప్రీయాంప్‌లు వస్తున్నాయి. వాటికి కావలసిన కన్నం ఒక్కటే, కింద స్ట్రాప్ బటన్ దగ్గర జాక్ కోసం దాదాపు 12 మి.మీ. ట్యూనర్ అంటావా, హెడ్‌స్టాక్‌కి తగిలించే క్లిప్ ట్యూనర్ ఉండనే ఉంది. బ్యాటరీ విషయం ఒకటి, చాలా గిటార్లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ప్రీయాంప్ ఆన్‌లోనే ఉంటుంది, ప్రార్థన అయిపోయాక కేబుల్ తీసేసి పెట్టాలి.

శాడిల్ కింద పీజో పెట్టిస్తే శాడిల్ అడుగు పూర్తిగా సమంగా ఉండాలి, వెంట్రుకంత వంకర ఉన్నా ఒక తీగ గట్టిగా ఇంకోటి మెల్లగా వస్తుంది. పీజో ఎంత మందమో శాడిల్ అడుగు అంత అరగదీయాలి, లేకపోతే యాక్షన్, అంటే మెడ మీద తీగల ఎత్తు, పైకి లేస్తుంది. ఎముక మంచిదే, నేనూ అదే వాడతాను, కానీ ఎముకలో గట్టిదనం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, కొన్నిసార్లు పీజో మీద తీగల వాల్యూమ్ హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. అలాంటప్పుడు టస్క్ లాంటి సింథటిక్ శాడిల్ వేసి చూడొచ్చు, అది సమంగా ఉంటుంది. నట్‌కి ఎముకే ఉంచు. ట్యూనర్లు 18:1 అంటే కీ 18 చుట్లు తిప్పితే పోస్టు ఒక చుట్టు తిరుగుతుంది, శ్రుతి సన్నగా సరిచేసుకోవచ్చు, అంతే. 14:1 ఉన్నా పాట ఆగిపోదు, వాటిని తర్వాత ఎప్పుడైనా మార్చుకో.

కృష్ణలంక_కార్డ్స్ (విజయవాడ)

కటవే గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేనైతే తీసుకోమంటాను. పాటల మధ్యలో చిన్న లీడ్ వాయించాలంటే, కేపో (తీగలన్నిటినీ ఒక చోట నొక్కిపట్టే క్లిప్) ఐదో ఫ్రెట్‌లో (మెడ మీది మెట్టు) పెట్టి పైన కార్డ్స్ పట్టాలంటే, కటవే లేని గిటార్ మీద చెయ్యి బాడీకి కొట్టుకుంటుంది. కీర్తనల్లో కేపో పైకి పెట్టడం మనకి మామూలే కదా, పాడేవాళ్ల శ్రుతికి తగ్గట్టు.

బ్రాడీపేట_మాస్టారు (గుంటూరు)

కేపో ఐదులో పెట్టినా నువ్వు పట్టే కార్డు తొమ్మిది, పదో ఫ్రెట్ దాటదు, మెడ బాడీని కలిసేది 14వ ఫ్రెట్ దగ్గర. ప్లకింగ్‌కి, స్ట్రమ్మింగ్‌కి కటవే అక్కర్లేదని ఇంకా నా అభిప్రాయం. బాడీలో కొంత గాలి చోటు పోతుంది కూడా, ఎంత తేడా వస్తుందనేది చేసేవాళ్లే ఒకరితో ఒకరు ఒప్పుకోరు, అది వదిలేద్దాం.

అయితే నువ్వన్నదాంట్లో ఒక న్యాయం ఉంది. ఇప్పుడు మనం మామూలు అనుకునే 14 ఫ్రెట్ల మెడ కూడా ఒకప్పుడు ఒక వాద్యకారుడు అడిగి చేయించుకున్నదే. పెర్రీ బెక్టెల్ అని అమెరికాలో అట్లాంటా బాంజో వాద్యకారుడు, బాంజోకి ఉన్నట్టు పొడుగు మెడ కావాలంటే 1929లో గిటార్ కంపెనీ మార్టిన్ వాళ్లు ఓఎం (ఆర్కెస్ట్రా మోడల్) తీశారు. అంతకు ముందు ఎక్కువ గిటార్లకి మెడ 12వ ఫ్రెట్ దగ్గరే బాడీని కలిసేది. కాబట్టి నీ చెయ్యి నిజంగా పైకి వెళ్తే కటవే అడుగు, ఎవరి గిటార్‌కో ఉందని మాత్రం అడక్కు.

సత్యనారాయణపురం_వీణ (విజయవాడ)

మాస్టారు గారూ, నాది కొంచెం వేరే ప్రశ్న, ఇక్కడే అడుగుతున్నాను. నేను చిన్నప్పటి నుంచి వీణ వాయిస్తాను, నూజివీడు వీణ. ఈ మధ్య గిటార్ నేర్చుకుంటున్నాను, గమకం పలికించాలంటే తీగ కదలట్లేదు, వేళ్లు పుళ్లు పడుతున్నాయి. వీణ మీద మైనంలో నిలబెట్టిన మెట్లు ఎత్తుగా ఉంటాయి, తీగ లాగితే ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలుకుతాయి. గిటార్ ఫ్రెట్ల మధ్య చెక్కని పల్లంగా చెక్కిస్తే బాగుంటుందని ఒకరు చెప్పారు. చెక్కించొచ్చా?

బ్రాడీపేట_మాస్టారు (గుంటూరు)

అమ్మా, మంచి ప్రశ్న. దాన్ని స్కాలప్ చేయడం అంటారు. ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మన సంగీతం కలిపి వాయించే శక్తి బృందం కోసం గిబ్సన్ కంపెనీతో చేయించుకున్న గిటార్‌కి అలాగే చెక్కించాడు, దానికి అడ్డంగా వేరే తీగలు కూడా ఉండేవి, సితార్‌కి వాటంతట అవే మోగే తరఫ్ తీగల్లాగా. మన పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ గారు మాండొలిన్ విషయంలో చేసిందీ ఇలాంటిదే, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకుని ఎలక్ట్రిక్ మీదకి మారారు, జంట తీగల మీద గమకం నిలవదు కాబట్టి. వాద్యాన్ని సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడమంటే అదీ.

కానీ మీరు మొదటే చెక్కించకండి. ఒకసారి చెక్కితే మళ్లీ పూడ్చలేం, కొత్త ఫ్రెట్‌బోర్డు వేయాల్సిందే. పైగా అలవాటు లేని వేలు కాస్త గట్టిగా నొక్కితే స్వరం పైకి జారిపోతుంది, కార్డ్స్ అపశ్రుతి పలుకుతాయి. ముందు తీగలు మార్చండి. షాపులో మామూలుగా ఇచ్చేది 12-53 సెట్టు (మొదటి తీగ మందం 0.012, ఆరోది 0.053 అంగుళం), శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిపి 70 కిలోలకి పైగా బిగువు మెడ మీద పడుతుంది. 10-47 సెట్టు వేయండి, ఇంకా కావాలంటే చుట్టు ఉన్న మూడో తీగ తీసేసి చుట్టు లేని తీగ పెట్టండి, ఎలక్ట్రిక్ గిటార్లకి ఉన్నట్టు. పొట్టి స్కేలు గిటార్ అయితే ఇంకా సులువు. శ్రుతి కూడా ఒక స్వరం దించుకోండి, కచేరీకి ఒంటరిగా వాయిస్తే అడిగేవాళ్లు లేరు. ఇవన్నీ చేశాక కూడా చాలదనిపిస్తే ఫ్రెట్లు తీయించి ఎత్తు ఫ్రెట్లు వేయించండి, చెక్కించడం ఆ తర్వాతి మాట.

రిపేర్_బల్ల (గుంటూరు, కొత్తపేట)

చుట్టు లేని మూడో తీగ వేస్తే శాడిల్ కూడా చూపించుకోండి మేడమ్. మామూలు శాడిల్ మీద ఆ తీగకి కొలత చుట్టు తీగ లెక్కన ఉంటుంది, 12వ ఫ్రెట్‌లో స్వరం ఎక్కువ పలుకుతుంది. శాడిల్ పైభాగం కాస్త వెనక్కి అరగదీస్తే సరిపోతుంది. సన్న తీగలు వేశాక మెడ కూడా నిటారు అయిపోతుంది, ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) కొంచెం వదులు చేయాలి.

మంగళగిరి_నాన్న

మా అమ్మాయికి 11 ఏళ్లు, ఎడమ చేతివాటం. మామూలు గిటార్ తీసుకుని తీగలు తిరగేస్తే సరిపోతుందని షాపులో అన్నారు. నిజమేనా?

బ్రాడీపేట_మాస్టారు (గుంటూరు)

సరిపోదు సార్. నట్ గాట్లు తిరగేసి కోయాలి, శాడిల్ ఏటవాలు అటుది ఇటు అవుతుంది, అది సరిచేయకపోతే పైకి వెళ్లేకొద్దీ అపశ్రుతి. టాప్ లోపల ఎక్స్ బ్రేసింగ్ (ఎక్స్ ఆకారంలో అతికించిన బద్దెలు) కూడా బేస్ వైపు, ట్రెబుల్ వైపు ఒకేలా ఉండదు. పికప్ ఉన్న గిటార్ అయితే వాల్యూమ్ బటన్లు ఒళ్లోకి వస్తాయి. ముందు పాపని మామూలు గిటార్ కొన్నాళ్లు పట్టనివ్వండి, చాలామంది ఎడమ చేతివాటం పిల్లలు కుడి గిటారే హాయిగా నేర్చుకుంటారు, దొరికే గిటార్లు కూడా ఎక్కువ. అస్సలు కుదరకపోతే ఎడమ చేతి గిటారే కొనండి, పొట్టి స్కేలుది, 11 ఏళ్ల చేతికి డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ గిటార్ వద్దు.

ఆటోనగర్_రిథమ్ (విజయవాడ)

మా బావ డల్లాస్ నుంచి వస్తున్నాడు, అక్కడి నుంచి ఒకటి తెప్పించుకుందామనుకుంటున్నా. రోజ్‌వుడ్ బ్యాక్ (వెనక పలక) అయితే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారని ఎవరో అన్నారు, టెన్షన్‌గా ఉంది.

రిపేర్_బల్ల (గుంటూరు, కొత్తపేట)

2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటినీ సైటిస్ (అరుదైన చెట్లు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) ఒప్పందం కిందకి తెచ్చినప్పుడు కాగితాల గొడవ ఉండేది. 2019 నవంబరు నుంచి తయారైపోయిన వాద్యాలకి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు, అది 1992 నుంచే కఠినమైన జాబితాలో ఉంది. పాత గిటార్ కొంటుంటే ఏ రోజ్‌వుడ్‌దో రాసిచ్చిన బిల్లు ఉండాలి. కొత్తవాటిలో ఎక్కువగా కనిపించేది ఇండియన్ రోజ్‌వుడ్, మన దక్షిణాది అడవుల చెట్టే, అక్కడికి వెళ్లి గిటారై తిరిగొస్తుంది. కస్టమ్స్ సుంకం వేరే సంగతి, అది మీ బావని ముందే కనుక్కోమను.

పటమట_ప్లకింగ్ (విజయవాడ)

అందరికీ చాలా థాంక్స్. ఇంకో రెండు అడిగి ఆర్డర్ ఇచ్చేస్తాను. ఫినిష్ ఏది తీసుకోవాలి? మన ఎండలకి సాలిడ్ టాప్ తట్టుకుంటుందా? రోహిణి కార్తెలో మా ఇంట్లో పగలంతా వేడి, రాత్రి ఏసీ.

రిపేర్_బల్ల (గుంటూరు, కొత్తపేట)

ఇదే అసలు ప్రశ్న, నువ్వు అడక్కపోతే నేనే రాద్దామనుకున్నాను.

సాలిడ్ చెక్కకి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని గిటార్లు చేసేవాళ్లు చాలామంది చెప్తారు. మన దగ్గర వానాకాలంలో అది 80 దాటుతుంది. చెక్క ఉబ్బి బ్రిడ్జి వెనక టాప్ పొంగుతుంది, యాక్షన్ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం పడమటి వడగాలి కొట్టినప్పుడు, రాత్రంతా ఏసీ వేసినప్పుడు దీనికి రివర్సు, టాప్ కుంగుతుంది, చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల చివరలు చేతికి గుచ్చుకుంటాయి, అశ్రద్ధ చేస్తే పగులు కూడా వస్తుంది. గోడకి తగిలించకు. హార్డ్ కేసులో పెట్టి, తేమని రెండువైపులా సరిచేసే ప్యాకెట్లు వేసి, ఒక చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) లోపల పడేయ్. అది చూసే అలవాటైతే సగం రిపేర్లు రావు. ఎండలో ఆపిన కారులో మాత్రం పది నిమిషాలైనా వదలొద్దు, జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది, వేసవిలో నా బల్ల మీదకి వచ్చేవాటిలో ఇవే ఎక్కువ.

ఫినిష్‌కి బాడీ గ్లాస్ పాలీ (మెరిసే ప్లాస్టిక్ లాంటి పూత), మెడ సాటిన్ అడుగు. చెమట చేతికి గ్లాస్ మెడ జిగటగా పట్టేస్తుంది, సాటిన్ మీద చెయ్యి జారుతుంది. బాడీ గ్లాస్ అయితే గుడ్డతో తుడిస్తే పోతుంది. నైట్రో (పాత రకం లక్కర్ పూత) వద్దు, చెమటకి మసకబారుతుంది, కొన్ని స్టాండుల రబ్బరు తగిలితే కరిగి మచ్చ పడుతుంది కూడా. తీగలు కోటెడ్ (పైపూత ఉన్నవి) వాడు, ధర ఎక్కువే, నీలాంటి చేతికి మాత్రం మామూలు తీగలకన్నా చాలా ఎక్కువ కాలం వస్తాయి.

పటమట_ప్లకింగ్ (విజయవాడ)

ఆర్డర్ ఇచ్చేశాను. ఓఎం బాడీ, స్ప్రూస్ టాప్, 25.4 స్కేలు, నట్ 44.5, ఎముక నట్, సాటిన్ మెడ. శాడిల్ కింద పీజో, సౌండ్‌హోల్ అంచు ప్రీయాంప్, పక్క చెక్క కోయొద్దని గట్టిగా చెప్పాను. షాపులో రెండు మెడలూ పట్టి చూశాక 44.5 మీదే ఆగాను. కటవే, సౌండ్ పోర్ట్, ఆర్మ్‌రెస్ట్, ఇన్లే వద్దన్నాను, కటవే విషయంలో కృష్ణలంక అన్న ఏమనుకోవద్దు. 54 వేలకి వస్తోంది, మిగిలిందాంట్లో కేసు, తీగలు.

కృష్ణలంక_కార్డ్స్ (విజయవాడ)

ఏమనుకుంటాను తమ్ముడూ. లీడ్ నేర్చుకున్నాక రెండో గిటార్‌కి అడుగుదువులే.

రిపేర్_బల్ల (గుంటూరు, కొత్తపేట)

కొలతలన్నీ మెసేజ్‌లో రాయించుకో, ఫోన్ మాట మీద వదిలేయకు. 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ ఆరో తీగకి 2.5, మొదటి తీగకి 2 మి.మీ. దగ్గర పెట్టి పంపమను. ఇంకా తగ్గిస్తే నీ ఆదివారం స్ట్రమ్మింగ్‌కి బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలే రొద) వస్తుంది. వాళ్ల ఊరి గాలి వేరు, మన గాలి వేరు, వచ్చాక ఒక నెల ఇక్కడి తేమకి అలవాటు పడనిచ్చి అప్పుడు ఒకసారి సెటప్ చేయించుకో. కేసు మాత్రం వాళ్ల దగ్గరే ఆ బాడీ కొలతకి తీసుకో, బయట దొరికేవి ఎక్కువ డ్రెడ్‌నాట్ కేసులు, ఓఎం బాడీ వాటిలో అటూ ఇటూ కదులుతుంది.